నా డిప్లొమా పాలిటెక్నిక్‌ది కాదు

నిన్న నేను చేసిన ఘనకార్యం వింటె మీ చేతిల చాయ్ ఒలుకుతది. రెండేండ్లు నిద్రలేక చదివి, ఫస్టియర్ మొహం గూడ చూడకుంట, సీదా సివిల్ ఇంజనీరింగ్ సెకండియర్ లిస్టుల తేలిన. నవ్వకుండ్రి. ముందుగాల నా కడుపుమంట జర వినుండ్రి.

టెన్త్ అయినంక హైదరాబాద్‌ల ఒక ఇంటర్నేషనల్ స్కూల్‌కి అప్లికేషన్ పెట్టిన. నీ గురించి నువ్వే రాయమన్నరు, మూడు పేజీలు రాసిన. ఇంటర్వ్యూల "నువ్వు ఎప్పుడన్న ఫెయిలైనవా?" అని అడిగిన్రు. లేదంటె వాళ్ళ మొహాలు మాడినయి. అప్పుడు స్కూటీ నేర్చుకుంట మా బీదర్ల చిద్రి రోడ్డు మీద బర్రెను గుద్దిన ముచ్చట చెప్పిన. నాకైతె దానికే సీటిచ్చిన్రని అనుమానం.

ఆడిదాక బాగనే ఉండె. ఆడ ఇంటర్‌కు బదులు చెప్పే రెండేండ్ల కోర్సు పేరుల డిప్లొమా అనే మాట ఉన్నది చూడుండ్రి, ఆడనే కొంప మునిగింది.

మంగళగి అనే పక్కూరి నుంచి మా పెదనాయన వచ్చిండు. "డిప్లొమానా? గిన్ని మార్కులు తెచ్చుకొని పాలిటెక్నిక్‌కి పోతవా బిడ్డా? అది మన బీదర్ల లేదా ఏంది?" అన్నడు. పాలిటెక్నిక్ కాదు పెదనాయనా, ఇంటర్ అసోంటిదే, కాకపోతె అన్ని దేశాలల్ల నడుస్తది అని గంటసేపు చెప్పిన. అంత విని, తలకాయ ఊపి, "మరి సివిలా, మెకానికలా?" అన్నడు.

ఆయనొక్కడైతె పోనీ అనుకుందును. ఆదివారం చర్చిల పాస్టరయ్య నన్ను ముందుకు పిలిచి ప్రార్థన చేసిండు. "ప్రభువా, మా ఎస్తేరు డిప్లొమా మంచిగ పాసయి, జూనియర్ ఇంజనీర్ నౌకరి సంపాదించుకునేటట్టు దీవించు తండ్రీ" అని. చర్చి చర్చంత ఆమెన్ అన్నది. కండ్లు తెరిచి చూస్తె మా అమ్మ గూడ అంటాంది.

హైదరాబాద్‌ల నేను పడ్డ గోస వీళ్ళకేం తెలుసు? ఆరు సబ్జెక్టులు. మీదికెల్లి నాలుగు వేల మాటల వ్యాసం. వెండి నగిషీల మా బీదర్ బిద్రీ పాత్రలను నల్లగ చేసే కోట మట్టిల ఏముంటదని రాసిన. నా రూముల మట్టి సంచి చూసి హాస్టల్ వార్డెన్ నేను చెట్లు పెడుతననుకొని మురిసిపోయి మల్లె అంటు తెచ్చిచ్చింది. ఇంకొక సబ్జెక్టు ఉంటది, నీకు తెలుసని నీకెట్ల తెలుసు అని అడుగుతరు. మా డాడీ బీదర్ల స్కూల్ టీచర్. అది చూసి "నేను పిల్లలను గిట్ల అడిగితె హెడ్మాస్టర్ నన్ను ఇంటికి పంపుతడు" అన్నడు. సెలవులకు వచ్చినప్పుడల్ల గల్లీల ఒక్కటే ప్రశ్న, డిప్లొమా ఎన్ని సెమిస్టర్లు అయినయని. చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

సరే, రిజల్ట్ వచ్చింది, మంచిగ పాసైన. హైదరాబాద్‌ల రోజుకొక అద్దాల బిల్డింగు లేస్తాంది గద, అండ్ల ఒకదాంట్ల కంప్యూటర్ ముందట కూసోవాలని నా ఆశ. దానికి ఆడ ఒక కాలేజీల ఇంజనీరింగ్ ఫస్టియర్ సీటు కావాలె. మా గల్లీ ఇంటర్నెట్ సెంటర్ బసవన్న ఫారం తెరిచిండు. ఏం పాసైనవని అడిగిన కాడ మూడు డబ్బాలున్నయి: ఇంటర్ లేదా పీయూసీ, డిప్లొమా, ఇతరములు.

"ఇతరములు పెడదాం చెల్లె" అన్నడు బసవన్న.

నాకు నెత్తికెక్కింది. "ఇతరములేంది అన్నా? రెండేండ్లు నా రక్తం తాగిన చదువుకు పేరు లేదా?" అని మౌస్ గుంజుకొని డిప్లొమా మీద టిక్కు కొట్టిన. ఎంత ఖుషీగ కొట్టిన్నో మీకు చెప్పలేను.

నిన్న పొద్దుగాల లిస్టు వచ్చింది. ఫస్టియర్ల నా పేరు లేదు. పైకెల్లి కిందికి నాలుగు సార్లు చూసిన, ఏడుపొచ్చింది. డాడీ పక్క లిస్టు తెరిచి "ఇగో ఈడున్నవు" అన్నడు. అది పాలిటెక్నిక్ చేసినోళ్ళను సీదా సెకండియర్ల కలుపుకునే లిస్టు. అండ్ల కంప్యూటర్స్ నిండిపోయినయంట, నన్ను సివిల్ల ఏసిన్రు. సాయంత్రం నాలుగు లోపల సరిచేసుకోకపోతె ఫస్టియర్ సీటు పోయినట్టే.

హైదరాబాద్‌కు దొరికిన బస్సెక్కినం. జహీరాబాద్ దాటేదాక నేను కాలేజోళ్ళను తిట్టుకుంటనే ఉన్న. డాడీ సంచిల కాయితాలు సర్దుకుంట కూసున్నడు. దాంతోని ఇంక మండింది.

మూడున్నరకు కౌంటర్ కాడికి ఉరికినం. ఆడ కండ్లద్దాల సారొకాయన కూసున్నడు. డిప్లొమా అంటె పాలిటెక్నిక్ ఒక్కటే కాదు సార్ అని మొదలువెట్టి పది నిమిషాలు ఆగలే. సర్టిఫికెట్ ముందట పెట్టిన. ఆయన నిదానంగ చదివి "దీని మీద గూడ డిప్లొమా అనే ఉన్నది గదమ్మా" అన్నడు. అది ఇంటర్‌తోని సమానమని ఇచ్చిన కాయితం డాడీ సంచిలకెల్లి తీసిచ్చినంక జర నెమ్మదించిండు.

"సరే, ఫస్టియర్ కంప్యూటర్స్‌ల కలుపుత. కాని డిప్లొమా అని టిక్కు కొట్టింది మీరే. అది తప్పని రాసియ్యాలె. నేను చెప్త, రాయండి" అన్నడు.

గడియారం చూస్తె నాలుగుకు ఐదు నిమిషాలున్నది. డాడీ నవ్వు ఆపుకుంట పెన్ను ఇచ్చిండు. రెండేండ్లు బీదరంతటితోని కొట్లాడిన నేను, డిప్లొమా సర్టిఫికెట్‌ను పక్కనే పెట్టుకొని, నా సొంత చేతితోని రాసిన: "అయ్యా, నేను ఏ డిప్లొమా చదువలేదు. చదివినట్టు పొరపాటున రాసినందుకు క్షమించగలరు."

కింద సంతకం గూడ పెట్టిన.