అయిదు బళ్ళ బొమ్మ, ట్రాక్టరు తాళం

కొత్త బొమ్మ పెట్టె విప్పేటప్పుడు నాకు గుండె దడ. ముప్పై దాటిన సైన్సు టీచరమ్మకి ఈ రోబో బొమ్మల పిచ్చేమిటని మా అమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది గానీ, ఆ దడ ముందు అమ్మ సణుగుడు ఎంత! కాలి కీలు వదులుగా ఉంటుందేమో, కొక్కెం విరిగి వచ్చిందేమో, ముట్టుకుంటే రంగు ఊడుతుందేమో అని నా భయం. నేను పుట్టడమే అనుమానంతో పుట్టాను. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలోంచి ఇంటికి తిరిగొచ్చే రకం.

ఆ చలికాలం తెప్పించుకున్న సెట్టులో అయిదు బళ్ళు ఉన్నాయి. ప్రొక్లెయినరు, క్రేను, డోజరు, టిప్పరు, సిమెంటు కలిపే లారీ. విడివిడిగా చూస్తే దేనికది బండి. అయిదూ కలిపితే మూరెడు రోబో. టిప్పరు ఒళ్ళవుతుంది, డోజరూ సిమెంటు లారీ కాళ్ళవుతాయి, మిగతా రెండూ చేతులు. వరండాలో చాప వేసుకుని ఒక్కో కీలూ కదిపి చూశాను. మోకాలు వంచితే టక్ టక్ మంటూ లోపల పళ్ళు పట్టుకుంటున్నాయి, ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతోంది. పాదం పక్కకి కూడా వాలుతుంది కాబట్టి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబెట్టినా అరికాలు మొత్తం నేలకి ఆనుతోంది. ఒక్కో చేతివేలూ దేనికది ముడుచుకుంటోంది. ప్లాస్టిక్ అంచుల్లో గరుకు లేదు. భుజాలు మాత్రం మరీ బిగువు, తిప్పేసరికి నా బొటనవేలు ఎర్రబడింది. బిగువుంటే మంచిదే. బొమ్మ వదులైతేనే ఏడుపు, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టు నిలవదు.

మంచం మీద కూర్చుని నాన్న ఇదంతా చూస్తున్నాడు. దసరా ముందు, మిరపచేలో మందు కొట్టించి వచ్చిన సాయంత్రం, ఆయనకి పక్షవాతం వచ్చింది. మాటా కాలూ త్వరగానే తిరిగొచ్చాయి. కుడిచెయ్యి రాలేదు. వేళ్ళ కసరత్తుకని ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన మెత్తటి బంతిని, ఇది పసిపిల్లలకిచ్చుకోమని గొడ్లపాక వైపు విసిరేశాడు. అదీ ఎడమచేత్తోనే.

"ఏదీ, ఆ ప్రొక్లెయినరు ఇటియ్యి," అన్నాడు.

ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. బకెట్ వెనకనుంచి చిన్న చెయ్యి బయటకి రావడం, దాని వేళ్ళు ముడుచుకోవడం చూశాడు.

"వీడి వేళ్ళు నా వాటికన్నా నయవే," అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

అప్పటికి మిరప కోతలు జోరు మీదున్నాయి. కళ్ళంలో కాయలు ఆరబోసి ఉన్నాయి, గాలి తిరిగితే ఇంటిల్లిపాదికీ తుమ్ములే. ఎండినవి ఎండినట్టు బస్తాలకెత్తి గుంటూరు తోలాలి. మా ట్రాక్టరు మీద కిరాయి డ్రైవరుని పెట్టాం. వాడు గేరు మార్చినప్పుడల్లా నాన్న పళ్ళు పటపటా కొరికేవాడు.

"తాళం ఇయ్యమ్మా. నా బండి నేను తోలుకుంటా," అని రోజూ నా వెంట పడేవాడు.

తాళం నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది. వెనక బస్తాలెత్తిన ట్రక్కు, ఎదురుగా బస్సు, స్టీరింగు మీద పట్టులేని ఆ చెయ్యి కళ్ళముందు కదిలేవి. పాఠం చెబుతూ చెబుతూ బోర్డు ముందు ఆగిపోయేదాన్ని. వద్దని మొహం మీద చెప్పే ధైర్యం మాత్రం లేదు. నా చిన్నప్పట్నుంచీ ఆ ట్రాక్టరు మీద ఆయన కూర్చున్నంత ధీమాగా ఇంకెక్కడా కూర్చోవడం చూళ్ళేదు నేను. అందుకే ఒకరోజు బొమ్మ పెట్టె ఆయన ముందు పెట్టాను.

"నాన్నా, కుడిచేత్తో ఈ అయిదూ కలుపు. రెండు చేతులూ పైకెత్తి నిలబెట్టు. ఆ రోజు తాళం నీదే."

కసరత్తుకి కసరత్తు, వాయిదాకి వాయిదా అనుకున్నాను. ఆయన దాన్ని పందెంగా తీసుకున్నాడు.

మొదట్లో కొక్కెం కూడా నొక్కలేకపోయాడు. నుదురంతా చెమట. సాయం చెయ్యబోతే కసిరేవాడు. బడినుంచి రాగానే నేను ముందు చూసేది బొమ్మనే. విడివిడిగా పడి ఉంటే మనసు చివుక్కుమనేది, లోలోపల కాస్త ఊపిరీ పీల్చుకునేదాన్ని. ఈ రెండూ ఒకేసారి ఎలా కలుగుతాయో నాకు తెలియదు, కలిగాయి.

తర్వాత్తర్వాత కీళ్ళు తిరగడం మొదలైంది. ఒకరోజు కాళ్ళు రెండూ తగిలించాడు. ఇంకోరోజు క్రేను భుజానికి ఎక్కింది. నేను అమ్మకి చూపిస్తుంటే ఆవిడ నా మాట వినిపించుకోకుండా బీరువా కింద వెతుకుతోంది.

"మిషను నూనె బుడ్డి ఏవైందే? జాకెట్టు కుడదామంటే మిషను కుయ్యో మొర్రో అంటంది. ఎవరు తాగినట్టు దాన్ని?"

"కోళ్ళు కాయలు తొక్కుతన్నాయి," అంటూ నాన్న లేచి కళ్ళం వైపు వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం పొద్దున్నే మా ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టాడు. టీపాయ్ మీద ఒక్కో బండీ విప్పి, మడిచి, తగిలించాడు. నెమ్మదిగానే, కానీ కుడిచేత్తోనే. ఎడమచెయ్యి పట్టుకోవడానికి మాత్రమే సాయం వచ్చింది. చివర్న భుజాలు రెండూ పైకి తిప్పాడు. బొమ్మ చేతులెత్తి నిలబడింది.

"నవ్విన నాప చేనే పండుద్ది," అన్నాడు అమ్మ వైపు చూసి.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. బ్యాగులోంచి తాళం తీసి టీపాయ్ మీద పెట్టాను. మాట ఇచ్చాను కదా, ఇంకేం చెయ్యను!

"రేపటి లోడు నేనే తోలతా," అన్నాడు.

అమ్మ బొమ్మ వైపు చూస్తోంది. నేనూ చూశాను. ఎత్తిన కుడిచెయ్యి కొంచెం కిందికి దిగినట్టుంది. నా అనుమానం జబ్బేలే అనుకున్నాను. అది ఇంకొంచెం దిగింది. దాని వెనకే ఎడమది. క్రేను బరువుకి నడుము ముందుకు వంగి, బొమ్మ బోర్లా పడింది.

తీశాను. జారింది. భుజం కీలు దగ్గర నా వేలు తళతళలాడింది. వాసన చూడనక్కర్లేదు, అయినా చూశాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ రోజు లేని కోళ్ళని తోలడానికి ఆయన ఎందుకు లేచాడో అప్పుడు అర్థమైంది.

నాకు పిచ్చికోపం వచ్చింది. భయపడ్డప్పుడు నాకు కోపమే వస్తుంది.

"పట్టుందో లేదో చూద్దామంటే నూనె పోస్తావా నాన్నా? రేపు రోడ్డు మీద ఎదురొచ్చే బస్సుకీ పోస్తావా?"

ఆయన తల వంచుకున్నాడు. నేనెప్పుడూ అలా చూడలేదు ఆయన్ని.

"బిగుసుకుపోతే నూనె వెయ్యటవే కదమ్మా నాకు తెలిసింది. మోటారైనా అంతే, బండి ఇరుసైనా అంతే," అన్నాడు. కుడిచేతి వైపు చూసుకుంటూ, "ముందు నా చేతికే రాసుకున్నా. అది తిరగలా," అన్నాడు.

అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను బొమ్మని చీర కుచ్చెళ్ళతో తుడుస్తూ కూర్చున్నాను. ఎంత తుడిచినా కీళ్ళలోంచి నూనె ఊరుతూనే ఉంది. అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఉంది, తీసుకుంటే తాళం ఆయన చేతికి వెళ్ళిపోతుందేమోనని భయం.

తాళం టీపాయ్ మీదే ఉంది. ఆయన కుడిచెయ్యి చాపాడు. రెండు వేళ్ళతో తియ్యబోయాడు, జారింది. మళ్ళీ తియ్యబోయాడు. ఎడమచెయ్యి మాత్రం ఒళ్ళోంచి కదల్లేదు. చివరికి అరచేతి అంచుతో దాన్ని నా వైపు నెట్టాడు.

"నీ కాడే ఉంచు," అన్నాడు. "గొడ్లపాకలో ఆ బంతి ఉందేవో చూడమ్మా."