ముప్పై పీర్ల పండుగలు

1942. శాలిబండలో ఒక అత్తరు దుకాణం పక్కన అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఒక పలక, రెండు క్యాలెండర్లు, నేనే గీసుకున్న పట్టికల పుస్తకం, అంతే నా సరంజామా. బడికి మూడో తరగతితోనే స్వస్తి చెప్పాను. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. హైదరాబాదులో అప్పుడు మూడు రకాల సంవత్సరాలు పక్కపక్కనే నడిచేవి. సర్కారీ దఫ్తర్లలో సూర్యుణ్ణి బట్టి నడిచే ఫసలీ, కొన్ని పాత ఉత్తర్వుల మీద చంద్రుణ్ణి బట్టి నడిచే హిజ్రీ, రైలు టికెట్టు మీద ఇంగ్లీషు. ఒకదాన్ని ఇంకొకదానిలోకి మార్చి ఎవరి సర్వీసు ఎంతయిందో చెప్పడం నా పని.

ఆ ఏడు పీర్ల పండుగ మర్నాడు గౌలిపుర మల్లయ్య వచ్చాడు. తమ్ముళ్లు బర్రెలు చూసుకుంటుంటే ఇతను పోలీసు జవానుగా చేరాడు. రెండేళ్లుగా దగ్గుతో బాధపడుతున్నాడు.

"పంతులూ, నౌకరిల చేరిన దినం పీర్ల ఊరేగింపు బందోబస్తుకే ఏసిండ్రు. అది పక్కకు పెడితే నిన్నటికి ముప్పై ఊరేగింపులు. ఇగ దిగిపోవచ్చునా?"

ముప్పై ఏళ్లు నిండితే పెన్షన్ వచ్చేది. మేం దాన్ని వజీఫా అనేవాళ్లం. దాంతోపాటు పోలీసు దవాఖానాలో వైద్యానికి కార్డు ఇచ్చేవారు. మల్లయ్యకు కావలసింది ఆ కార్డే.

"బువ్వకు ఫికర్ లేదు, తమ్ముళ్లున్నరు. గస్తీ తిరుగుడే చాతనైతలేదు. దగ్గు తగ్గాలంటే పాలు తాగుమంటరు అందరు. బర్రెల నడుమ పుట్టినోనికి పాలు మందయితయా?" అని తనే నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

అతణ్ణి నౌకరీలోకి తీసుకున్న ఉత్తర్వు చూశాను. దాని మీద ఉన్నది హిజ్రీ తేదీ, పీర్ల పండుగ వచ్చేదీ హిజ్రీ లెక్కనే. ఉత్తర్వు ఏ క్యాలెండర్లో ఉంటే సర్వీసును కూడా ఆ క్యాలెండర్లోనే కట్టడం అప్పటి వాడుక.

"నిండినయ్ మల్లన్నా. వజీఫా కాగితం పెట్టుకో," అన్నాను. పెట్టుకున్నాడు. యూనిఫారం అప్పగించి ఇంట్లో కూర్చున్నాడు.

రెండు నెలలకు కౌన్సిల్ మెంబరైన వకీలు ఒకాయన నన్ను పిలిపించాడు. ఏ సభలోనైనా ఆయన చెప్పేవి మూడే సంగతులు. మళ్లీ మళ్లీ దొంగతనం చేసేవాడికి జైలు పెంచి, వాణ్ణి పట్టే జవాన్ల సంఖ్యా పెంచాలి. జవాన్ల కుటుంబాలకూ దవాఖానా తెరవాలి. పెన్షన్లలో దొంగ లెక్కలు ఆపాలి. మూడూ నాకు న్యాయంగానే తోచాయి.

"ఒకనికి హిజ్రీ, ఒకనికి ఫసలీ ఏందయ్యా? అందరికి ఒక్కటే గజం ఉండాలె. ఏది పెడ్దామో నువ్వు చెప్పు," అన్నాడు.

అంతటి మనిషి నన్ను సలహా అడగడం అదే మొదలు. హిజ్రీ సంవత్సరం పదకొండు రోజులు చిన్నది, ముప్పై ఏళ్లకు దాదాపు పదకొండు నెలలు తగ్గుతాయి కాబట్టి ఫసలీయే నికరమని పట్టిక కట్టి నోట్ రాశాను. చివర ఆయన ఒక వాక్యం చెప్పి రాయించాడు. ఇంకా మంజూరు కాని కాగితాలకూ ఇదే వర్తిస్తుంది, పెద్ద హోదా అధికారులవి తప్ప. రాశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకున్నాడు. రాస్తున్నప్పుడు మల్లయ్య గుర్తుకు రాలేదు.

రూలు వచ్చింది. ఎండలు ముదిరేసరికి మల్లయ్య కాగితం తిరిగొచ్చింది. పది నెలల ఇరవై రెండు రోజులు తక్కువ అని రాశారు. సరిచూశాను. నా పట్టికతోనే కట్టారు, ఒక్క రోజు తేడా లేదు.

అతణ్ణి వెంటబెట్టుకుని వకీలు ఇంటికి వెళ్లాను.

"సాబ్, మీ సభలకు బందోబస్తు నిలవడ్డది నేనే," అన్నాడు మల్లయ్య. "జవాన్లకు దవాఖానా అంటిరి. డ్యూటీల ఉండి సుత చప్పట్లు కొట్టిన."

"కొట్టినవు కదా, మరి ఇప్పుడు లొల్లి ఎందుకు? నీకొక్కనికి ఇడిస్తే రేపు ఊరంత నా గడపల నిలవడ్తరు."

నేను ఉండబట్టలేక, "అధికారులకు విడిచారు కదండీ," అన్నాను.

వకీలు నా వైపు తిరిగాడు. "రాసింది నువ్వే కదయ్యా!"

మల్లయ్యకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. నా ముఖం వంక చూసి, కిందికి వంగి చెప్పులు తొడుక్కున్నాడు. వీధి మలుపు దాకా నాకంటే ముందు నడిచాడు. తర్వాత, "ఆ పదకొండు నెలలు మల్ల చేస్త, పంతులూ," అన్నాడు.

చేయనివ్వలేదు. ఉద్యోగానికి పనికొస్తాడో లేదో పరీక్షించే డాక్టర్లను మెడికల్ బోర్డు అంటారు. వాళ్లు ఛాతీ చూసి 'అన్‌ఫిట్' అని రాశారు. అదే కాగితం పట్టుకుని దవాఖానాకు పోతే, సర్వీసులో లేడు, వజీఫా లేదు, కార్డెక్కడిదని వెనక్కి పంపారు. ఆ నెలలోనే వకీలు జవాన్ల కుటుంబాలకు కొత్త వార్డు తెరిపించాడు. చప్పట్లు బాగానే మోగాయట.

మరుసటి ఏడు పీర్ల పండుగ మర్నాడు మల్లయ్య గోడ పట్టుకుంటూ నా అరుగు దాకా వచ్చాడు.

"ముప్పై ఒకటి, పంతులూ. ఇప్పుడన్న సాలుతయా?"

హిజ్రీలో కట్టినా ఫసలీలో కట్టినా ముప్పై ఏళ్లు దాటాయి. కాకపోతే అతనిప్పుడు జవాను కాదు.

"సాలుతయి మల్లన్నా."

"నీ లెక్క ఎన్నడు తప్పది తియ్యి," అని, దగ్గుకుంటూ గౌలిపుర వైపు నడిచాడు. ఆ ఏడు వేసవి దాకా బతకలేదు.

నిజమే, నా లెక్క రెండుసార్లూ తప్పలేదు. ఆ తర్వాత ఏ పెద్దమనిషి పట్టిక కట్టమన్నా, అది ఎవరెవరి కాగితాల మీద పడుతుందో ముందు చెప్పమని అడగడం నేర్చుకున్నాను. మరో ఇద్దరు మెంబర్లు పిలిపించారు. ఇద్దరినీ అదే అడిగాను. మళ్లీ పిలవలేదు.