మా అమ్మాయి పోర్ట్‌ఫోలియోలో నేను తీసేసిన పేజీలు

ఈరోజు పొద్దున మా అమ్మాయి పనిలో అడగకుండా వేలు పెట్టాను. తనకు నష్టం కలిగేలా పెట్టాను.

తను తొమ్మిదో తరగతి. కంప్యూటర్ సబ్జెక్టుకు వాళ్ల స్కూల్లో ఈ ఏడాది పరీక్ష లేదు, డిజిటల్ పోర్ట్‌ఫోలియో ఉంది. పిల్లలు తాము రాసిన ప్రోగ్రాముల్నీ, అవి ఎలా తయారయ్యాయో చెప్పే మాటల్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో పేజీలుగా పెట్టుకుంటారు. చివర్లో టీచర్ ముందు, తల్లిదండ్రుల ముందు వాటిని చూపించి వివరించాలి. ఆ రోజు ఈరోజే.

తను చేసింది స్కూల్ వ్యాన్ గురించి. ఒక స్టాపులో పిల్లల్ని ఎక్కించిన అమ్మో నాన్నో ఫోన్‌లో బటన్ నొక్కితే తర్వాతి స్టాపు వాళ్లకు తెలుస్తుంది. పొగమంచులో, దేశ రాజధానిలో మేముండే వసంత్ కుంజ్ కాలనీ గేటు దగ్గర చిన్నపిల్లలు వణుకుతూ నిలబడక్కర్లేదు.

నిన్న నా లాప్‌టాప్‌లో పని చేసుకుని, లాగౌట్ చేయకుండా వదిలేసింది. పొద్దున తను తయారవుతుండగా తెరిచి చూశాను. మధ్యలో కొన్ని పేజీల నిండా పని చేయని ప్రయత్నాలే. ఒకదాని మీద హిందీలో ఇలా ఉంది, పాపా అంటే నేనే: "ఇది పాపా ఐడియా. వ్యాన్‌కు రోజూ పట్టే టైమ్ లెక్కేస్తే బటన్ అక్కర్లేదన్నారు. వ్యాన్ ముందే వచ్చేసింది. కింద ఫ్లోర్ ఆంటీ, వాళ్ల పాప వ్యాన్ వెనక పరిగెత్తారు."

సాకేత్‌లో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో క్లయింట్‌కు చూపించే ముందు ఇలాంటివన్నీ తీసేస్తాం. పని చేసేదే చూపిస్తాం. ఆ అలవాటుతోనే ఆ పేజీలు తీసేశానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నన్ను ముందు గుచ్చుకున్నది ఆ మొదటి వాక్యమే.

క్లాసులో తను పేజీ తిప్పింది. మొదటి ప్రయత్నం తర్వాత నేరుగా చివరిది వచ్చింది. వెనక్కి వెళ్లింది, మళ్లీ తిప్పింది. తలెత్తి నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

"బీచ్ మే క్యా హువా, బేటా?" అని, మధ్యలో ఏమైందని టీచర్ అడిగారు.

"పేజ్ నహీ హై, మేడమ్. గల్తీ యాద్ హై," అంది. పేజీ లేదు, తప్పు మాత్రం గుర్తుందట.

తర్వాత బోర్డు దగ్గరికి వెళ్లి స్టాపులన్నీ గీసింది. టైమ్ లెక్క ఎందుకు తప్పిందో, తిరిగి బటన్‌కే ఎందుకు రావలసి వచ్చిందో తడబడకుండా చెప్పింది. వెనక వరుసలో ఎవరో తండ్రి, "టైమ్ వాలా ఐడియా కిస్కా థా?" అని నవ్వుతూ, ఆ టైమ్ ఐడియా ఎవరిదని అడిగాడు.

"మేరా," అని, తనదేనంది మా అమ్మాయి.

నా గుండె ఉప్పొంగింది. నాకు చేతకానిది తను నిలబడి చేస్తోంది. అదే క్షణంలో కూర్చున్న చోటే కుంచించుకుపోయాను.

టీచర్ మెచ్చుకున్నారు. అయితే ప్రయత్నాలకు వేరే మార్కులున్నాయనీ, పేజీలు లేకుండా అవి ఇవ్వడం కుదరదనీ అన్నారు.

వరండాలోకి రాగానే, "ఆప్‌నే డిలీట్ కియా నా, పాపా?" అంది అమ్మాయి, తీసేసింది నేనేగా అన్నట్టు.

"నీట్‌గా ఉంటుందని..."

మాతో వచ్చిన మా ఆవిడ నా మాట పూర్తి కానివ్వలేదు. "అదేమైనా మీ ఆఫీసు డెమోనా? దాని కష్టమంతా చెత్తలా కనబడిందా మీకు?"

అమ్మాయి మాత్రం అరవలేదు. "అదే కదా పాపా నా వర్క్," అంది తెలుగులో. తను నాతో తెలుగులో మాట్లాడటం అరుదు.

నేను తిరిగి క్లాసులోకి వెళ్లాను. మరో అబ్బాయి వివరణ ముగిసేదాకా ఆగి, అందరి ముందే టీచర్‌కు చెప్పాను. "పేజీలు తీసేసింది నేను. ఆ టైమ్ ఐడియా కూడా నాదే. అమ్మాయి నన్ను కాపాడింది."

ఆ తండ్రి ఈసారి నవ్వలేదు. టీచర్, "ఆప్ తో సాఫ్ట్‌వేర్ వాలే హై నా?" అని, మీరు సాఫ్ట్‌వేర్ వాళ్లే కదా అన్నట్టు అడిగారు. తలవంచుకుని ఔనన్నాను. తొలగించిన పేజీలు టీచర్ ఖాతాలో కొంతకాలం ఉంటాయట. ఆవిడ ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చి, అమ్మాయిని పిలిచి, మార్కులు మళ్లీ వేస్తానన్నారు.

ఆ టైమ్ లెక్క పేజీ కింద తల్లిదండ్రులు రాయడానికి ఒక చోటుంది. టీచర్ అనుమతి తీసుకుని, అక్కడే నిలబడి రాశాను: "ఈ సలహా నాది, తప్పు సలహా. నా మాట పక్కన పెట్టి సరైన దారి వెతుక్కున్నది మా అమ్మాయి."