కూలర్ కాపలా

గుడుపల్లె దగ్గరి పల్లెలో హేమలతది పట్టుపురుగుల సంసారం. మదనపల్లెలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి ఆ ఇంటి కోడలైంది. భర్త గంగాధర్ కుప్పంలో ఉద్యోగానికి పోతే, మల్బరీ తోటలో ఆకు కోయడం ఆమె వంతు, పురుగుల షెడ్డు కాపలా అత్త గంగులమ్మ వంతు. వేడెక్కితే కూలర్ వెయ్యాలి, చల్లబడితే ఆపాలి. పోయిన ఎండాకాలం గంగులమ్మ పెళ్లి భోజనానికని పోయి వచ్చేలోగా పురుగులన్నీ ఎండకు మెత్తబడి చచ్చిపోయాయి. అప్పటినుంచి ఆమె ఊరి పొలిమేర దాటితే ఒట్టు.

ఇప్పుడు పుంగనూరులో గంగులమ్మ కూతురు సుష్మ కొత్త ఇల్లు కట్టింది. "నువ్వొచ్చి పాలు పొంగిస్తేనే ఇంట్లో కాలు పెడతా" అని ఫోన్లో మొండికేసింది. పురుగులేమో అప్పుడే నాలుగో జ్వరం లేచాయి. జ్వరమంటే జబ్బు కాదు. పొర విడవడానికి పురుగు మేత మాని కదలకుండా ఉండే సమయం. లేచాక గూడు కట్టేదాకా తిండే తిండి. అప్పుడు వేడి తగిలిందా, అంతే సంగతులు.

"నేను పోతే వీటి గతేంది?" అని గంగులమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. హేమలతకు పౌరుషం పొడుచుకొచ్చింది. డిప్లొమా చదివింది గోడకు తగిలించుకోడానికా!

కుప్పం పోయి ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు, వేడిని కనిపెట్టే సెన్సార్, కూలర్ స్విచ్ వేసే రిలే కొనుక్కొచ్చింది. ఆత్రం ఆగక రిలేను నేరుగా బోర్డు కాలికే, అంటే పిన్నుకే, తగిలించింది. చిన్న ఎల్‌ఈడీ వెలిగేంత కరెంటిచ్చే కాలు రిలేను ఎక్కడ లాగుతుంది? బోర్డు చచ్చి కూర్చుంది. ఇంకోటి తెచ్చి, మధ్యలో కరెంటు పెంచే ట్రాన్సిస్టర్ పెట్టింది. రిలే టక్కుమని పడింది! ఆపగానే రిలేలోని కాయిల్ కరెంటును వెనక్కి తన్ని ట్రాన్సిస్టర్ కాస్తా పోయింది. తన నెత్తిన తానే ఒక మొట్టికాయ వేసుకుని, కొత్త ట్రాన్సిస్టర్ పెట్టి, ఆ తన్నును మళ్లించడానికి కాయిల్‌కు అడ్డంగా డయోడ్ తిరగేసి బిగించింది.

"ఇంత చిన్నది అంత కూలర్ని తిప్పతాదా?" అత్త మూతి విరిచింది.

"ఇది తిప్పదత్తా. ఇది ట్రాన్సిస్టర్ని లేపతాది, అది రిలేని లేపతాది, రిలే కూలర్ స్విచ్ వేస్తాది. పట్టుకో సూడు."

గంగులమ్మ సెన్సార్‌ను గుప్పిట పట్టింది. కాసేపటికి టక్! కూలర్ గర్రుమంది. ఆమె ఉలిక్కిపడి వదిలేసింది. సెన్సార్ చల్లారాక మళ్లీ టక్, ఆగింది. ఇంకోసారి పట్టుకుంది. ఇంకోసారి. హేమలతకు షెడ్డంతా గంతులేయాలనిపించింది.

"మరి కరెంటు పోతే?" అత్త ఆఖరి అస్త్రం వేసింది.

"పోతే షెడ్డు చుట్టూ తడి గోనెలు నేను కడతాలే. నువ్వుండి కరెంటు పట్టుకొస్తావా ఏంది?"

గంగులమ్మ పకపకా నవ్వేసి సంచి సర్దుకుంది.

పుంగనూరులో పాలు పొంగాయి. సాయంత్రం ఫోనొచ్చింది. "పురుగులెట్లుండాయమ్మా?"

"ఆకు బాగా తింటాండాయత్తా. కూలర్ దాని పని అది చేసుకుంటాండాది."

"అయితే... సుష్మ ఇంకో రెండ్రోజులు ఉండి పొమ్మంటాంది. ఉండేదా?"

ఆ ఇంట్లో గంగులమ్మ తనకోసం ఏదైనా అడగడం హేమలత ఎప్పుడూ వినలేదు.

"రెండెందుకత్తా, వారం ఉండు!" అని తోటంతా వినబడేలా అరిచి, ఆకు మోపు నెత్తికెత్తుకుని షెడ్డుకేసి పరుగు తీసింది.