నాకు చెప్పని మాట

హనుమకొండలోని ఒక జూనియర్ కాలేజీలో పంతొమ్మిదేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. పిల్లలకు నేనంటే ఇష్టమని నాకు గర్వంగా ఉండేది. ఇంట్లో గొడవైనా, హాస్టల్ అన్నం పడకపోయినా ముందు స్టాఫ్‌రూంలో నా టేబుల్ దగ్గరికే వచ్చేవాళ్లు.

రఘునాథపల్లి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి ఒకతె ఫస్టియర్ అంతా నా వెంటే తిరిగింది. వాళ్లది పత్తి వేసే కుటుంబం. బొద్దింక బొమ్మ నా కంటే బాగా గీసేది. నా డబ్బాలోంచి అడక్కుండానే మామిడికాయ తొక్కు తీసుకుని తినేది. నాకు ఇద్దరూ కొడుకులే. ఆ చనువు నాకెంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు.

సెకండియర్లో, దసరా సెలవుల తర్వాత, ఆమె నా దగ్గరికి రావడం మానేసింది. ఆ ఏడే ఇంగ్లిష్ చెప్పడానికి కొత్త టీచర్ చేరింది. ఇరవై ఆరేళ్లుంటాయేమో. క్లాసులో గట్టిగా అరవడం కూడా చేతకాదు. లంచ్ బెల్లు కొట్టగానే వాళ్లిద్దరూ మెట్ల మీద కూర్చునేవాళ్లు. నేను ల్యాబ్‌లో స్లైడ్లు తుడుస్తున్నట్టు నటిస్తూ కిటికీలోంచి చూసేదాన్ని. ఒకరోజు అమ్మాయి ఏడుస్తుంటే టీచర్ ఓదార్చనైనా లేదు, ఊరికే పక్కన కూర్చుంది. నేనైతే దగ్గరికి తీసుకునేదాన్ని కదా అనుకున్నాను. కడుపు మండిపోయింది.

ఆగలేక వెళ్లి ఆ టీచర్నే అడిగాను. "ఏం చెప్తాంది నీకు రోజూ?"

"ఆమెనే అడగండి మేడం. నేను చెప్పొద్దు కదా."

మర్యాదగానే అంది. ఆ మర్యాదకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

తర్వాత చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. ప్రిన్సిపాల్ సార్ దగ్గరికి వెళ్లి, కొత్త టీచర్ పిల్లలతో పర్సనల్ విషయాలు మాట్లాడుతోందని, రేపు తల్లిదండ్రులు వచ్చి అడిగితే కాలేజీకే చెడ్డపేరని చెప్పాను. క్లాసు బయట పిల్లలతో మాట్లాడొద్దని ఆయన ఆమెను గట్టిగా హెచ్చరించారు. మెట్లు ఖాళీ అయ్యాయి. ఇక అమ్మాయి నా దగ్గరికే వస్తుందని ఎదురుచూశాను.

వారానికి వచ్చింది. ల్యాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను.

"మా మేడంను మాట్లాడొద్దని మీరే చెప్పిచ్చిన్రట. ఎందుకు మేడం?"

'మా మేడం' అన్న మాట దగ్గరే నా మనసు చివుక్కుమంది. "నాకు చెప్పుకోవచ్చు గదనే? ఏడాదంత నా పక్కనే తింటివి."

"మీకెట్ల చెప్పాలె? దసరాకు ముందు రిప్రొడక్షన్ లెసన్ అప్పుడు డౌట్లుంటే పేరు లేకుండ చిట్టీల మీద రాయమన్నరు. ఒక ఆడపిల్లకు ఇంకో ఆడపిల్ల మీద మనసైతే అది రోగమా అని ఒక చిట్టీల ఉండె. మీరు చదివి నవ్విన్రు. ఫోన్లు ఎక్కువ చూస్తే వచ్చే పిచ్చి అన్నరు. అది నేనే రాసిన మేడం. అందరితోని నేను గూడ నవ్విన."

నాకు ఆ నవ్వు గుర్తే లేదు. ఇరవై చిట్టీల్లో అదొకటి.

"తప్పైంది బిడ్డా," అన్నాను. ఆమె తలూపి వెళ్లిపోయింది. పరవాలేదని మాత్రం అనలేదు.

మర్నాడు ప్రిన్సిపాల్ సార్‌తో, ఆ టీచర్ తప్పేమీ లేదని, ఓర్వలేక చెప్పానని ఒప్పుకున్నాను. అమ్మాయి సంగతి ఎత్తలేదు. తర్వాత ఇంగ్లిష్ టీచర్ దగ్గర కూర్చుని, అమ్మాయి నాకూ చెప్పిందని చెప్పాను.

"నువ్వేం చెప్పినవమ్మా ఆమెకు?"

"పెద్దగా ఏం లేదు మేడం. నీలో తప్పేం లేదన్న. దానికి ఇప్పుడే ఒక పేరు పెట్టుకోవాలని తొందరేం లేదు, మన మనసు మనకు తెల్వడానికి టైం పడ్తదన్న. ఇంట్ల చెప్పుడా వద్దా నీ ఇష్టం, నేనైతే ఎవరికీ చెప్పనన్న. తిన్నవా, నిద్ర పడ్తాందా అని అడిగేదాన్ని. గంతే."

హార్మోన్ల గురించి ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకు ఆ నాలుగు మాటలు ఎందుకు తట్టలేదు? మళ్లీ అసూయ కలిగింది. ఇవన్నీ ఎవరు నేర్పారని అడిగాను.

"ఆ వయసుల నాకెవరూ చెప్పలేదు మేడం," అని పుస్తకాలు సర్దుకుని క్లాసుకు వెళ్లిపోయింది.

తర్వాతి ఏడు అదే పాఠం దగ్గర, ఎవరూ అడగకముందే, కొందరికి తమలాంటి వాళ్ల మీదే మనసవుతుందని, అది రోగం కాదని, ఎవరినైనా వెక్కిరిస్తే ఊరుకోనని చెప్పాను. వెనక బెంచీలో ఒకడు కిసుక్కుమన్నాడు. వాడి వైపే చూస్తూ నిలబడ్డాను. తల దించుకున్నాడు.

ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. మొన్న సీతాఫలాలు పట్టుకుని కాలేజీకి వచ్చింది. ముందు ఇంగ్లిష్ టీచర్ టేబుల్ దగ్గరికే వెళ్లింది. అరగంట కబుర్లు చెప్పుకున్నారు. నేను రికార్డులు ముందేసుకుని ఒక్క పేజీ కూడా దిద్దలేదు. చివరికి నా దగ్గరికి వచ్చి రెండు పండ్లు పెట్టింది.

"బాగున్నరా మేడం? బీపీ గోళీలు ఏసుకుంటున్నరా?"

"ఏసుకుంటున్ననే. జర కూసో."

"బస్సున్నది మేడం. మళ్లొస్త."

ఆమె వెళ్లాక అవతలి టేబుల్ వైపు చూశాను. అక్కడ సంచి నిండా సీతాఫలాలు ఉన్నాయి.