సైకిలుకు ఇద్దరం చెప్పిన ధర

బేరమాడడంలో నన్ను మించినది మా చుట్టుపక్కల ఊళ్ళలో లేదని ఇరవై రెండేళ్ళకే నాకు పొగరు. లింగంపల్లి స్టేషను బయట గంపలో వంకాయలు, బెండకాయలు పెట్టుకుని కూచునేదాన్ని. అమ్మేవాడి గుండె ఎక్కడ జారుతుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? లేచి నాలుగడుగులు వేస్తే వెనక నుంచి పిలవని వ్యాపారి ఉండడు. నా విద్యంతా అదే. ఆ విద్యతోనే నా మొగుణ్ణి చావు అంచుదాకా తీసుకుపోయాను.

నిజాం రాజ్యం ఆఖరి రోజులవి. మాకు నాలుగు బర్రెలుండేవి. మా ఇంటాయన రోజూ మదీనాగూడ నుంచి పాలక్యాను మోసుకుని లింగంపల్లిలో రైలెక్కి, నాంపల్లిలో ఒక హోటలుకు పోసి వచ్చేవాడు. గడబిడలు మొదలయ్యాక రైలు ఏ వేళకు వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియకుండా పోయింది. పాలు విరిగిపోతున్నాయి. పొద్దున ఆరింటికల్లా పాలు రాకపోతే వేరేవాళ్ళను చూసుకుంటానని హోటలాయన వారం గడువు పెట్టాడు. సైకిలు కొనక తప్పలేదు.

సైకిలు ఒకటే అయితే బాధ లేదు. పొద్దుగూకితే బొంబాయి రోడ్డు మీద తుపాకుల మనుషులు నిలబడేవారు. ఎవరి మనుషులో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మా పక్క ఊరి గానుగాయన బండి కట్టుకుని పోయి తిరిగి రాలేదు. బండీ రాలేదు, ఎడ్లూ రాలేదు. అందుకే సైకిలు కొనడానికి ఇద్దరం బయల్దేరిన పొద్దు, ఇంట్లోంచి కాలు బయట పెట్టకముందే మా ఆయన ఒక్కటే మాట అన్నాడు.

"పొద్దుండంగనే ఇల్లు చేరాలె. బేరం కాడ జిద్దు చెయ్యకు."

"సరే తీ," అన్నాను. అనడానికేం పోయింది?

రైలు రాక రాక వచ్చింది. నాంపల్లిలో దిగి కొత్త సైకిళ్ళ దుకాణం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సేటు రెండు వందల పది చెప్పాడు.

"సరుకొచ్చే తొవ్వలన్నీ బందయినయమ్మా. టైర్లు దొర్కుత లేవు. రేపొస్తే గీ ధరకు గూడ రాదు."

"రేపటి ముచ్చట రేపు. నూటా యాభైకి ఇస్తవా?"

ఆయన చాయ్ తెప్పించాడు. చాయ్ వచ్చిందంటే బేరం బతికే ఉందన్నమాట. ఇక పట్టుకున్నాను. గంట మాకొద్దు తీసెయ్యి అన్నాను. దీపం వద్దన్నాను. సీటు గట్టిగా ఉందన్నాను, చెయిన్ చప్పుడు చేస్తుందన్నాను. ఆయన దిగుతూ దిగుతూ నూట తొంభై అయిదు దగ్గర ఆగిపోయాడు. నేను నూట ఎనభై దగ్గర కూచున్నాను. ఇద్దరం ఉడుం పట్టే.

మా ఆయన మాటిమాటికీ గడప దాకా పోయి ఎండను చూసి వస్తున్నాడు. గోడ మీది ఎండ నేలకు దిగింది. "జర జల్ది కానియ్యే," అన్నాడు నా చెవి దగ్గర.

"అడగంది అమ్మైనా పెట్టదు. నువ్వు జర ఊకో."

చివరికి కొంగు దులుపుకుని లేచాను. వెనక్కు చూడకుండా నడిచాను. నాలుగడుగులు, అయిదు, పది. ఎవరూ పిలవలేదు. అట్లా ఎప్పుడూ జరగలేదు. సందు మలుపు దాకా వచ్చి ఆగాను. గడువుకు ఇంక రెండే రోజులు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తిరిగి పోవాలి?

అప్పుడు వినపడింది సేటు గొంతు. "రావమ్మా, రా. నూట ఎనభైకే తీస్కపో. గని రసీదు రాయ."

రసీదు ఏం చేసుకోను, నాలుక గీసుకోనా? నూట ఎనభై లెక్కపెట్టి సేటు చేతిలో పోశాను. మా ఆయన దుకాణం లోపలి నుంచి తువ్వాలతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. గెలిచిన సంబరంలో ఆ మొహం నేను సరిగ్గా చూడనే లేదు.

ఆయన తొక్కుతుంటే నేను వెనక కూచున్నాను. కూకట్‌పల్లి దగ్గరకు వచ్చేసరికి ఆకాశం ఎర్రబడింది. సైకిలేమో కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. ఇది చూస్తే ఎవడైనా లాక్కుంటాడని నాకు గుబులు పట్టుకుంది. ఆపమన్నాను. వాననీళ్ళ గుంటలోంచి బురద తీసి హ్యాండిలుకు, చక్రాలకు, ఇనుము కనపడిన చోటల్లా పూశాను. ఆయన వద్దు వద్దంటూనే తానూ రెండు చేతులు పూశాడు. బుద్ధి పుట్టింది నాకే, ఎవరినీ అననక్కరలేదు.

మియాపూర్ దాటాక ఆపారు. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు లేచాయి గాని, అప్పుడు రోడ్డుకు రెండు వైపులా తుమ్మ చెట్లు, రాళ్ళు. నలుగురు మనుషులు, రెండు తుపాకులు. వాళ్ళలో పెద్దవాడు హ్యాండిలు మీద వేలితో గీశాడు. బురద కింద నికెలు తళుక్కుమంది.

"కొత్త సైకిల్‌కు బురదెందుకు పూసిన్రు? ఎవరి దుకాణం దోచిన్రు?"

కొన్నామంటే రసీదు అడిగాడు. లేదన్నాం. వాడు మా ఆయన్ని మెడ పట్టి రోడ్డు అవతలికి పంపించి, నా వైపు తిరిగాడు.

"ఎంతకు కొన్నరు?"

"నూట ఎనభై," అన్నాను. సిగ్గులేని నోరు, అంత భయంలోనూ ఆ మాట కొంచెం గట్టిగానే వచ్చింది.

వాడు అవతలికి పోయాడు. మా ఆయన పెదవులు కదలడం కనపడింది, మాట వినపడలేదు. వాడు తిరిగి వచ్చాడు.

"నీ మొగడు నూట తొంభై అయిదంటుండు. దొంగసొమ్ముకే ఇద్దరు రెండు ధరలు చెప్తరు."

నా తలప్రాణం తోకకొచ్చింది. నూట తొంభై అయిదు సేటు ఆగిపోయిన ధర. నేను సందు మలుపు దాకా పోయినప్పుడు దుకాణంలో ఏం జరిగిందో, సేటు రసీదు ఎందుకు రాయనన్నాడో అప్పుడు తెలిసింది. బర్రెల దాణాకని ఆయన నడుముకు కట్టుకున్న పైకం పదిహేను రూపాయలు. అవతల తుపాకీ గొట్టం ఆయన గొంతు కింద పెట్టారు. ఆయన చేతులు జోడించి నేల చూస్తున్నాడు.

మొగుడు చాటుగా ఇచ్చాడు, నాకు తెలియదు అంటే ఎవరు నమ్ముతారు? వాడి కాళ్ళ మీద పడ్డాను.

"అయ్యా, ఆయన చెప్పిందే నిజం. నేను అబద్ధం చెప్పిన."

"ఎందుకు?"

"అంగట్ల కూసుండి అమ్ముకునేదాన్నయ్యా. ఏది కొన్నా తక్కువకు కొన్ననని నలుగుట్ల గొప్పలు చెప్పుకుంట. నోటికి అదే అలవాటు. నాకు బేరం చేతగాదయ్యా. సేటు అడిగినంత ఇచ్చి కొన్నం."

వెనక ఉన్న వాళ్ళలో ఒకడు నవ్వాడు. "మా ఇంట్ల గూడ గిట్లనే," అన్నాడు. పెద్దవాడు నవ్వలేదు. చెయ్యి ఊపాడు. అవతలివాడు తుపాకీ మడమతో మా ఆయన వీపు మీద ఒక్కటి వేసి ఇవతలికి తోశాడు. సైకిలు తీసుకోమన్నారు.

ఎక్కే ధైర్యం ఇద్దరికీ లేదు. ఆయన సైకిలు నడిపిస్తుంటే నేను వెనక సీటు పట్టుకుని నడిచాను. మదీనాగూడ దీపాలు కనపడ్డాయి.

"కోపమొచ్చిందా?" అన్నాడు.

"ఎందుకిచ్చినవు?"

"నువ్వు ఎన్కకు మల్లి సూడకుంట పోతివి. ఆయన పిలువడాయె. పొద్దు సూస్తే దిగుతుండె. నాకు భయమైంది."

ఒక్క పైసా వదలని దాన్ని నేను. ఏడుపు ఆగలేదు.

"సేటు ఇంకో పదిహేను అడిగినా ఇచ్చేదుండె," అన్నాను.

"నా తాన గంతే ఉండె," అన్నాడు ఆయన.