అన్నిటికంటే లోతైన గుంత

మా నాయనకు రెండు గుంతలంటే గర్వం. ఒకటి ఇంట్లోని మగ్గం గుంత. పట్టుచీరలు నేసే ఇళ్ళలో మగ్గం కింద నేలలో ఒక గుంత ఉంటుంది, నేసేవాళ్ళు దాని అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేసి తొక్కుతారు. అది మా తాత తవ్వింది గనక అందులో నాయన గొప్పేమీ లేదు. రెండోది వాకిట్లోని కొళాయి గుంత. అది పూర్తిగా ఆయన సొంతం.

కొళాయికి గుంతేమిటని బయటి ఊళ్ళవాళ్ళు అడుగుతారు. తొంభైల చివర్లో మా అనంతపురం జిల్లాలో వాన పడకపోవడం వింత కాదు, పడితేనే అందరం వాకిట్లోకి వచ్చి చూసేవాళ్ళం. మా ఊళ్ళో కొళాయి నీళ్ళు వారానికొకసారి, అదీ ఎవరో మెడపట్టి గెంటినట్టు వచ్చేవి. కొళాయి మూతి దాకా ఎక్కే ఓపిక వాటికి లేదు. అందుకని మా వీధిలో ఒక మహానుభావుడు మూతినే కిందికి దించాడు. కొళాయి కోసేసి, చిన్న గుంత తవ్వి, నేల కింద పైపుకు బిందె పెట్టాడు. బిందె నిండింది. మర్నాటికి పక్కింటాయన ఆయనకంటే జానెడు లోతు తవ్వాడు. ఎదురింటాయన మూరెడు తవ్వాడు. ఎవరి గుంత లోతుగా ఉంటే వాళ్ళకే ముందు నీళ్ళు. ఆ తర్వాత మా వీధికి పట్టిన పిచ్చి ఇంకే వీధికీ పట్టి ఉండదు.

నాయనకు గుంతలో కూర్చోవడం కులవిద్య. మగ్గం ఆపేసి గడ్డపార పట్టుకుని దిగాడు. పని అయ్యేసరికి లోపల నిలబడితే ఆయన తల కూడా బయటికి కనిపించలేదు. దిగడానికి మెట్లు కట్టాడు, నీళ్ళు లాగే మోటారు పెట్టుకోవడానికి గోడలో గూడు చేశాడు. చుట్టాలు వస్తే కాఫీ కంటే ముందు గుంత చూపించేవాడు.

"ఈ వీధిలో అన్నిటికంటే లోతు గుంత మాదేనప్పా" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూడాలి. జరీ అంచు చీరకు మంచి ధర పలికినప్పుడు కూడా అంత వెలుగు లేదు.

ఒక చిన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. గుంత పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో మోరీ, అంటే వీధంతటి మురికికాలువ. గుంత దానికంటే లోతు. జిల్లా అంతా ఎండి బీటలు వారినా మా గుంత అడుగున మాత్రం ఎప్పుడూ తడే. నీళ్ళు వదిలిన రోజు ఇంటింటా మోటారు వేసేవాళ్ళు. మోటారుకు మంచీ చెడ్డా తెలియదు, దగ్గర ఏది ఉంటే దాన్ని పీల్చేది. మొదటి బిందె నల్లగా వచ్చేది. దాంతో గిన్నెలు కడిగేవాళ్ళం. రెండో బిందె తాగేవాళ్ళం.

ఈ ఏర్పాటు చూసి ముఖం చిట్లించింది ఒక్క మా వదినే. అన్న పెళ్ళాం, గుత్తి దగ్గర పల్లె నుంచి కొత్తగా వచ్చింది. "మా ఊర్లో ఎనుములు గూడా ఇట్లాంటి నీళ్ళకు మూతి పెట్టవత్తా" అని మా అమ్మతో అంది. "నీళ్ళు రావడమే గగనంగా ఉండాదమ్మా, నీకు రంగు గూడా కావల్నా?" అంది అమ్మ. వదిన బిందె నెత్తిన పెట్టుకుని లోపలికి పోయింది.

మరుసటి ఎండాకాలం వీధిలో కామెర్లు మొదలయ్యాయి. ముందు ఎదురింటాయనకు, తర్వాత ఆయన తమ్ముడికి, తర్వాత వరస పెట్టి. కళ్ళు పసుపు ముద్దలయ్యాయి, అన్నం వాసనకే వాంతులు. కారణం మాత్రం మా వీధికి వెంటనే తెలిసిపోయింది. ఒంట్లో ఉడుకు. మా సీమలో కాలు బెణికినా ఉడుకే. మజ్జిగ తాగారు, తలకు ఆముదం పెట్టారు, చప్పిడి కూడు తిన్నారు. ఆదివారం ఆదివారం బస్సెక్కి సోమందేపల్లె వైపు పోయి పసరు తాగి వచ్చారు. కొందరు మణికట్టు మీద వాత పెట్టించుకున్నారు. నాయనకు కూడా వచ్చింది, కొన్నాళ్ళు పడుకుని లేచాడు. లేచి పసరు గొప్పతనం గురించి వీధరుగు మీద ఉపన్యాసం ఇచ్చాడు. నోరు ఎండితే మధ్యలో ఆపి గుంత నీళ్ళు తాగాడు.

అప్పుడు వదినకు వచ్చింది. ఆమెకు నెలలు నిండుతున్నాయి.

"మనందరికీ రాలేదా, పోలేదా? ఈ ఆదివారం పసరు పోయిస్తే దిగిపోతాది" అన్నాడు నాయన. అన్న ఆయన మాటకు ఎదురు చెప్పే రకం కాదు. వదిన గోడ వైపు తిరిగి పడుకుని కడుపు మీద చెయ్యి వేసుకుని ఉండేది. డిగ్రీ చదువుతున్నానన్న పొగరు నాకు బాగా ఉండేది, కానీ ఆ జబ్బు గురించి నాకూ పసరును మించి ఏమీ తెలియదు. నాకు భయం వేసింది. ఆమె కళ్ళలో ఉన్నది వీధి పసుపు కాదు, ఇంకా ముదురు రంగు.

ఆ వారమే పట్నం నుంచి పరిశోధకులు వస్తున్నారని మున్సిపాలిటీ మనిషి వచ్చి చెప్పిపోయాడు. కాలేయం జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టర్లట, అందరి నెత్తురూ తీసి చూస్తారట, నీళ్ళూ చూస్తారట. నెత్తురు మాటకు ఎవరూ జంకలేదు. నీళ్ళ మాటకు వీధి గుండె జారిపోయింది. గుంతలు చూస్తే పూడ్పిస్తారు. ఎన్నడూ ఒక మాట మీద నిలబడని మా వీధి ఆ పొద్దు ఒక్కటైంది. గుంతలన్నిటి మీదా కడప బండలు పరిచారు. బండలు కొత్తగా కనిపించకుండా పేడతో అలికారు. మా అమ్మ ఇంకో అడుగు ముందుకు వేసి, పండగా పబ్బమా ఏమీ లేకుండానే, బండ మీద చుక్కల ముగ్గు వేసింది. ఎదురింట్లో ముగ్గుకు రంగులు కూడా అద్దారు.

డాక్టర్లు వచ్చారు. పెద్ద డాక్టరు కోస్తా మనిషి, చల్లని మాట. వెంట ఒక లేడీ డాక్టరు, చేతిలో నెత్తురు సీసాల ఐసు డబ్బా. అది చూసి పిల్లలు ఐసుక్రీము అనుకుని వెంటపడ్డారు. పెద్ద డాక్టరు వచ్చి సరిగ్గా మా ముగ్గు నడిమధ్యన నిలబడ్డాడు.

"మీరు త్రాగే నీరు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారండీ?" అన్నాడు.

"వీధి చివర పంపు సార్" అన్నాడు నాయన. అరగంట కొడితే గానీ బిందె నిండని ఆ చేతిపంపు దగ్గరికి పోయి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియదు.

"మరిగించి త్రాగుతున్నారా?"

"కాచి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి తాగుతాం సార్!" వీధి అంతా ఒకే గొంతుతో అంది. మా వీధిలో టీకి తప్ప నీళ్ళు కాచిన ఇల్లు నేను చూడలేదు.

చదువుకున్న మనిషి, ఆ పెద్ద డాక్టరు అంతా నమ్మాడు. ఇన్ని కళ్ళు పచ్చగా ఉన్న వీధిలో ఇంత శుభ్రమైన అలవాట్లు ఎలా ఉన్నాయబ్బా అని ఒక్కసారైనా అనుకోలేదు. మనుషుల్ని పంపి వీధి చివర పంపు నీళ్ళు సీసాలో పట్టించాడు. నీళ్ళు బాగానే కనిపిస్తున్నాయి, బయటి తిండి వల్ల వచ్చిందేమో, చెరుకు రసం బండి ఏదైనా ఉందా అని అడిగాడు. ఉందన్నారు. మా వీధికి ప్రాణం లేచి వచ్చింది.

లేడీ డాక్టరు వదిన నెత్తురు తియ్యడానికి లోపలికి వచ్చింది. కళ్ళు చూసి, నాడి చూసి, ఆమె ముఖం మారిపోయింది. నీళ్ళలోంచి వచ్చే ఈ కామెర్లు మిగతావాళ్ళకు వచ్చి పోతాయనీ, నెలలు నిండిన గర్భిణికి వస్తే తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి వస్తాయనీ, ఈ రోజే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలనీ చెప్పింది. నాయన గుమ్మంలో నిలబడి, ఆదివారం దాకా చూద్దామన్నట్టు గొణిగాడు.

"నీళ్ళలోంచేనా మేడం?" అంది వదిన.

"చాలామందికి నీళ్ళలోంచే వస్తుందమ్మా. కానీ మీ వీధిలో అందరూ కాచినవే తాగుతారట. మాకూ అర్థం కావడం లేదు."

వదిన మోచేతి మీద లేచి, తెరిచి ఉన్న తలుపులోంచి వాకిట్లోకి చెయ్యి చాపింది. "ఆ సారు నిలబడినాడే ముగ్గులో, ఆ బండ కింద చూడండి. మా కొళాయి ఆడుండాది."

"జరంలో ఏందో మాట్లాడతాంది మేడం, తలకాయ తిరుగుతాందేమో" అన్నాడు నాయన.

"తలకాయ బాగానే ఉండాది మామా. కడుపులో బిడ్డే బాగలేదు. నిన్నటి నుంచి కదల్లే."

ఎప్పుడూ నోరెత్తని మా అన్న గోడకు ఆనించిన గడ్డపార తీసుకుని బయటికి పోయి, ముగ్గు మీద నుంచి డాక్టర్ని పక్కకు జరగమని, బండ పెకిలించాడు. లోపలి నుంచి వాసన ఒక్కసారిగా లేచింది. పెద్ద డాక్టరు ముక్కుకు చేతిరుమాలు పెట్టుకుని తొంగి చూశాడు.

"ఇది సెప్టిక్ ట్యాంకాండీ?"

"కాదు సార్, కొళాయి" అంది మా అమ్మ, కాస్త నొచ్చుకుని.

ఆయన ముఖం నిధి దొరికినట్టు వెలిగిపోయింది. ఆ నీళ్ళు ఎన్ని సీసాల్లో పట్టించాడో! అన్న అవేమీ చూడలేదు. జీపు మాట్లాడి వదినను ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఆడబిడ్డ. చనిపోయి పుట్టింది. వదినకు ఆ సంగతి చాలా రోజులదాకా తెలియదు, స్పృహ లేదు. తెలివి వచ్చి, చెయ్యి కడుపు మీదికి పోనిచ్చి, అక్కడే ఉంచుకుంది. నేను మంచం పక్కనే ఉన్నాను. ఆమె ఏడవలేదు, నేను ఏడ్చాను.

ఈలోగా మున్సిపాలిటీ వాళ్ళు గుంతల్లో మట్టి పోయించారు. వీధి మా ఇంటి మీద మండిపడింది. "మీ కోడలు మా నోట్లో మన్ను కొట్టింది" అని ఎదురింటావిడ మా అమ్మను పట్టుకుని తిట్టింది. వదిన ఇంటికి వచ్చేలోపే ఆ మట్టి అంతా మళ్ళీ తోడేసి, ఎవరి గుంత వాళ్ళు బాగు చేసుకున్నారు. నాకు ఆ కోపం ఇప్పటికీ ఉంది. ఆ వీధిలో నడిచేటప్పుడు నేను ఎవర్నీ పలకరించను.

మా గుంత మాత్రం నాయన తవ్వలేదు. మోటారు ఎవరికో ఇచ్చేశాడు. తెల్లారగానే సైకిలుకు బిందెలు కట్టుకుని వీధి చివర పంపుకు పోయేవాడు. వీధి నవ్వింది. ఇంటికి వచ్చి ఆ నీళ్ళు ఆయనే పొయ్యి మీద పెట్టేవాడు, తెర్లేదాకా పక్కనే కూర్చునేవాడు. వదిన ముఖం చూసి మాట్లాడడం మానేశాడు.

కొన్నేళ్ళకు, రెండు వేలు దాటాక, మళ్ళీ డాక్టర్లు వచ్చారు. కొత్తవాళ్ళు, ప్రశ్నలు మాత్రం పాతవే. వీధి మళ్ళీ బండలు పరిచి, అలికి, ముగ్గులు వేసి సిద్ధంగా ఉంది. "నీరు మరిగించి త్రాగుతున్నారా?" అన్నాడు కొత్త డాక్టరు.

"కాచి, చల్లార్చి..." అని వీధి అందుకోబోయింది.

మా నాయన గడ్డపార పట్టుకుని ఇంట్లోంచి వచ్చాడు. "అంతా అబద్ధం సార్, నా ఎంబడి రాండి" అన్నాడు. ముసలాయన ఒక్కో ఇంటి ముందూ ఆగి, ముగ్గులో గడ్డపార దించి, ఒక్కో బండా పెకిలించాడు. వెనక తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. కడాకు మా వాకిటికి వచ్చి, మట్టితో పూడ్చిన చోట గడ్డపార ఆనించి నిలబడ్డాడు. గుమ్మంలో వదిన ఉంది. ఆయన ఆమె వైపు చూడలేదు, డాక్టరు వైపు చూశాడు.

"ఈ వీధిలో అన్నిటికంటే లోతు గుంత మాదే సార్. మా మనవరాలు దీంట్లోనే పోయింది."